మూడో గంట తర్వాత

"కాసేపు కుదురుగా కూర్చోరా! నేను పట్టీ కట్టేది నీ చేతికా, ఎగిరే పిచ్చుకకా?"

అరిచింది ఛాంపియన్. ఒకప్పుడు బాక్సింగ్ బెల్టు గెలిచిన మనిషి. బెల్టు పోయింది, పిలుపు మిగిలింది. ఇప్పుడు మేనేజరూ ఆయనే, కోచ్ ఆయనే, నీళ్ళ సీసా మోసేదీ ఆయనే. బల్ల మీద కూర్చున్నవాణ్ణి అందరూ స్ప్రింగు అంటారు. టైర్ల షాపులో పంక్చరు వేస్తూ కూడా రెండు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనించని ఘటం. అమెచ్యూర్‌గా ఎనభై రెండు పోటీలాడి డెబ్భై గెలిచాడు. ఏం మిగిలింది? అటక మీద కప్పులు, వాటిలో అక్క దాచిన సూదులూ గుండీలూ. కప్పులిచ్చే పెద్దమనుషులు ఫొటోలో ముందు వరస, దెబ్బలు తిన్నవాడు వెనక వరస. ఒళ్ళు మండి, డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ కాగితం మీద సంతకం పెట్టాడు. "ఈ గడప దాటితే మళ్ళీ రాకు" అని పాత సంఘం వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. ఇవాళ మొదటి పోటీ. గెలిస్తే నిర్వాహకుడు ఇంకో ఆరు పోటీలిస్తాడు. ఓడితే మళ్ళీ టైర్లే.

పట్టీ మీద టేపు చుట్టాక తనిఖీ అధికారి వచ్చి దాని మీద పెన్నుతో సంతకం గీకాడు. ఆపైన గ్లవ్స్. వాటికీ టేపు.

"అన్నా, ఒంటికొస్తోంది," అన్నాడు స్ప్రింగు మెల్లగా.

"ముందే ఏడవొచ్చుగా!"

"అప్పుడు రాలేదు."

"బెల్టు గెలిచినవాడికి చివరికి ఈ ఉద్యోగం. పద."

తిరిగొస్తుంటే తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని ఆమెది. షిఫ్టు దిగి అట్నుంచటే వచ్చేసింది.

"ఏరా, వణుకుతున్నావా?"

"లేదక్కా, కాళ్ళు వాటంతటవే."

"అమ్మ కడుపులోనూ ఇంతేనట. పో, తన్నిరా."

తలకి కవచం లేదు. గ్లవ్స్ పలచన. ఎదుటివాడు తాపీమేస్త్రి, మెడన్నది లేని మనిషి. స్ప్రింగు అతని చుట్టూ ఈగలా తిరిగాడు. తగిలించడం, తప్పుకోవడం. మేస్త్రి గుద్దులన్నీ గాలికే పోయాయి. మూడో రౌండు ముగిసి గంట మోగింది.

ఎనభై రెండు పోటీల్లో మూడో గంటతో ఆట సరి. ఒళ్ళు అదే నమ్మింది. పళ్ళ కవచం గ్లవ్‌లోకి ఉమ్మేశాడు. మేస్త్రిని వాటేసుకున్నాడు. నాలుగు వైపులా తలవంచాడు. అమెచ్యూర్ల మర్యాద ప్రకారం అవతలి మూలకి వెళ్ళి, మేస్త్రి గురువుగారి ముందు రెండు గ్లవ్‌లూ జోడించాడు.

హాలంతా గొల్లుమంది.

ముసలి గురువు మాత్రం నవ్వలేదు. "నాయనా, ఇక్కడ నాలుగు రౌండ్లు. ఇంకొకటుంది," అన్నాడు.

స్ప్రింగు తన మూలకి పరుగెత్తుకొచ్చేసరికి విశ్రాంతి నిమిషంలో సగం అయిపోయింది. ఛాంపియన్ స్టూలు లాగేశాడు.

"కూర్చోకు. కూర్చుంటే నీ కాళ్ళు ఇంటికెళ్ళిపోతాయి."

"పరువు పోయిందన్నా."

"పరువు తర్వాత వెతుక్కుందాం. మూడు రౌండ్లూ నీవే. ఒకసారి పడి లేచినా గెలుపు నీదే. రెండోసారి పడ్డావో, డ్రా అని చెరిసగం చేసి ఇంటికి పంపిస్తారు."

కాళ్ళు అప్పటికే ఇంటికెళ్ళిపోయాయి. మేస్త్రి కుడిచెయ్యి దవడకి తగిలింది, కళ్ళ ముందు దీపాలు తలకిందులయ్యాయి. పడ్డాడు. రెఫరీ లెక్క ఆరు దాకా వచ్చేసరికి లేచాడు. "నిలబడరా!" అని అక్క గొంతు చించుకుంటోంది. నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు పాదాలూ నేలకి ఆనించాడు. లారీ చక్రం కింద కడ్డీ పెట్టి ఒళ్ళంతా మోపినట్టు మేస్త్రి భుజానికి తల మోపి, తింటూ కొట్టాడు, కొడుతూ తిన్నాడు. కన్ను మూసుకుపోయింది. గంట మోగినా కదల్లేదు.

"అన్నా, అయిందా?"

"అయిందిరా, ఇక రా!"

ఒక్క పాయింటు. గెలుపు స్ప్రింగుదే.

గదిలో ఛాంపియన్ టేపు కత్తిరిస్తుండగా నిర్వాహకుడు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "అదరగొట్టావయ్యా! ప్రతిసారీ మూడో గంటకి ఇదే చెయ్యి. పోస్టరు మీద 'దండాల బాబు' అని వేయిస్తాను."

కత్తెర ఆగింది.

"నాకు అట్ట కిరీటం పెట్టారు," అన్నాడు ఛాంపియన్. "బరిలో దిగిన ప్రతిసారీ పెట్టుకున్నాను. ఇప్పటికీ రోడ్డు మీద 'రాజుగారూ, కిరీటమేదీ' అనే అడుగుతారు. నా ఎడమచెయ్యి ఒక్కడికీ గుర్తులేదు. వీడు చేసింది మర్యాద. అది అమ్మను."

"నేనడిగింది వాణ్ణి."

ఆరు పోటీలూ ఆ మనిషి నాలుక చివర వేలాడుతున్నాయి. స్ప్రింగుకి తెలుసు. పేదవాడి దెబ్బలు టిక్కెట్టు పెట్టి చూపించింది చాలక, వాడి మర్యాద కూడా కావాలి వీళ్ళకి!

"గుద్దమంటే గుద్దుతానండీ. నవ్వించడానికి దండం పెట్టను."

"అయితే ఆరు మర్చిపో. ఒకటిస్తా. అదీ గట్టివాడితో."

"ఇవ్వండి."

నిర్వాహకుడు తలుపు దడాలున వేసుకుని పోయాడు. స్ప్రింగు బల్ల దిగాడు. ఒక కాలికి బూటు కూడా లేదు.

"ఎక్కడికిరా? కంటికి ఐసు పెట్టాలి!"

"అవతలి గదికన్నా. ఆ పెద్దాయనకి దండం సగంలో ఆగిపోయింది."