నల్లా గంట

గోపన్‌పల్లిలో మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారుజామున నాలుగుకీ ఆరుకీ మధ్య ఎప్పుడైనా మొదలై ఎనిమిది దాకా ఉంటాయి, ఎప్పుడు మొదలవుతాయన్నది ఎవరికీ తెలియదు. వీధి చివర మెరక మీద ఉండే నీలమ్మ మాత్రం నాలుగింటికే లేచి, నల్లా తిప్పి పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చునేది. ముందు గాలి బుస్సుమంటుంది, ఆ తర్వాత నీళ్లు. డ్రమ్ము నింపుకుని ఆరున్నరకల్లా తెల్లాపూర్‌లో ఒకరింటికి వంటకు వెళ్లిపోయేది.

నా పేరు దినేష్. మాది ప్రొద్దుటూరు. ఆ వీధి మొదట్లో రాజేందర్ గారింట్లో పైవాటా కిరాయికి తీసుకుని ఉంటున్నాను. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం, ఆ బుద్ధి ఇంటికొచ్చినా పోదు. ఆదివారం వస్తే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఏదో ఒకటి అతికిస్తుంటాను. అలా చేసినవాటిలో సగం పని చేయవు, మిగతా సగం ఎవరికీ పనికిరావు. పొద్దున్నే నడకకు వెళ్తూ నీలమ్మను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇన్ని కంపెనీలున్న చోట ఒక మనిషి నిద్ర మానుకుని నల్లాకు కాపలా కాయడమేమిటని.

అందుకే నల్లా గంట చేశాను. రాజేందర్ గారి నల్లా మూతి కింద రెండు రాగి తీగలు, గోడకు ఒక ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో అరచేతిలో సగం లేని బోర్డు. తీగలు తడవగానే వైఫై మీదుగా నీలమ్మ ఫోను మోగుతుంది. మొదటి రోజే టంచనుగా మోగింది. అది చూసి రాజేందర్ గారు, "జర మా ఫోన్‌కు గూడ పెట్టు," అన్నారు. వారం తిరిగేసరికి వీధిలోని ఇరవై రెండిళ్లూ చేరాయి. ఆఫీసులో ఏడేళ్లుగా ఒక్క మంచిమాటకు నోచుకోని నన్ను వీధంతా "ఇంజినీర్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టింది. దాచుకోవడమెందుకు, ఉబ్బితబ్బిబ్బయ్యాను.

మూడు వారాల తర్వాత ఒకరోజు ఎనిమిదింటికి ఆఫీసుకు బయల్దేరుతుంటే నీలమ్మ నడుమున బిందెతో ఎదురైంది.

"ఏమక్కా, ఈ పొద్దు పనికి పోలేదా? ఫోను మోగలేదా?" అన్నాను.

"మంచిగనే మోగింది సారూ. నీళ్లే రాలె."

నేను తెల్లమొహం వేశాను. ఆమె బిందె దించి నెమ్మదిగా చెప్పింది.

"ఇదివరకు అందరు పండుకునేటోళ్లు. ఏడింటికి లేసి మోటర్లు ఏసేటోళ్లు. గంతల నా డ్రమ్ము నిండేది. ఇప్పుడు ఫోను మోగంగనే అందరి మోటర్లు ఒక్కపారి గుంజుతయ్. ఇగ మెరక మీదికి ఏమొస్తయ్? ఇంకొక్కసారి లేటైతే రావద్దన్నది మేడం."

ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టే నేను ఇంత చిన్న విషయం పట్టలేకపోయాను. ఫోను మోగుతుందా లేదా అన్నదొక్కటే చూసుకున్నాను. ఆ సాయంత్రమే వీధి వాట్సాప్ గ్రూపులో ఆరున్నర దాకా ఎవరూ మోటరు వేయొద్దని రాశాను. అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. రోజు విడిచి మళ్లీ నీళ్లు రాగానే మొదటి మోటరు నా గది కిందే మోగింది.

"నేనొక్కన్ని ఆగితే మిగతోళ్లు ఆగుతరా?" అన్నారు రాజేందర్ గారు.

ఆఫీసు నుంచి రాగానే ప్రోగ్రాం మార్చేశాను. నీలమ్మ ఫోను ముందు మోగుతుంది, మిగతా వాళ్లవి నలభై నిమిషాల తర్వాత. దొంగపనే, తెలుసు. అయినా ఆ సంగతి చెప్పడానికి పరుగున వీధి చివరికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను చెప్పిందంతా విన్నది.

"ఇగ నాకు అక్కెర లేదు సారూ. ఇయ్యాల మళ్ల లేటైంది. మేడం వేరే ఆమెను పెట్టుకున్నది."

"నీకు నిద్ర చాలడంలేదనే కదా చేసినాను, అక్కా," అన్నాను.

"నిద్ర సాలుతలేదని నేనెన్నడన్న చెప్పిన్నా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ గొంతులో కోపం లేకపోవడం వల్ల నాకు ఇంకా కష్టంగా అనిపించింది. "ఇప్పుడేం చేయమంటావక్కా?" అన్నాను. ఆ నల్లా గురించి ఆమెను నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆమె ఎదురింటి వైపు చూసింది. అక్కడ ఎవరో ఒకావిడ తీగ మీది బట్టలు తీస్తోంది.

"గామె ఈశ్వరమ్మ. హాస్టల్ల రొట్టెలు చేయనీకె పోతది, ఆరింటికల్ల అక్కడుండాలె," అంది. "నా నంబర్ తీసి ఆమెది పెట్టు సారూ. ఆమె పని ఇంకా పోలె."