మూడు వారాల పథ్యం

రొట్టెల మేస్త్రి పని నుంచి రాగానే గుమ్మం బయటే చొక్కా విప్పి దులపాలి. ఆ తర్వాతే కూతురు పిచ్చుకను ఎత్తుకోవాలి. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఇదే చట్టం. చట్టం చేసింది భార్య.

పిచ్చుకకు రెండేళ్లు. ఆరు నెలలుగా బరువు కాటా మీద ముల్లు కదలలేదు. పొట్ట ఉబ్బు, రోజుకు నాలుగైదు విరేచనాలు. భార్య పనిచేసే బట్టల మిల్లులో ఒకావిడ, "మా అక్క కొడుక్కీ ఇంతే. గోధుమ మాన్పించాక గుర్రంలా తయారయ్యాడు" అంది. ఆ సాయంత్రమే ఇంట్లోంచి రొట్టె, బిస్కెట్లు, పిండి డబ్బా మాయమయ్యాయి.

"గోధుమలో గ్లూటెన్ అని ఉంటుందట. పిల్ల పేగుల్ని అదే పాడు చేస్తోంది" అంది భార్య.

మేస్త్రికి ఆ పేరు కొత్త గానీ వస్తువు పాతదే. కొత్త పిండి బస్తా విప్పినప్పుడల్లా కాస్త ముద్ద కలిపి నీళ్లలో పిసికి చూస్తాడు. తెల్లటి గంజి పోగా వేళ్లకు సాగే జిగురు మిగులుతుంది. అది ఎంత సాగితే రొట్టె అంత పొంగుతుంది. పద్దెనిమిదేళ్లుగా తనకు కూడు పెట్టిన జిగురు తన బిడ్డకే విషమంటే నమ్మబుద్ధి కాలేదు. నమ్మకపోతే బిడ్డ ఏమవుతుందోనని భయం.

మూడో వారానికి విరేచనాలు రెండుకు తగ్గాయి. "చూశారా?" అంది భార్య. ఇక జీవితాంతం మాన్పించేద్దామంది. ఒక్కసారి డాక్టరుకు చూపిద్దామని మేస్త్రి పట్టుబట్టాడు. పగలంతా పిల్లను చూసుకునే అత్తగారు, అంటే భార్య తల్లి, దాన్ని చంకనేసుకుని వెంట వచ్చింది.

డాక్టరమ్మ అంతా విని పెన్ను కింద పెట్టింది. "పరీక్ష చేయించకుండా ఎందుకు మాన్పించారమ్మా? గోధుమ తింటున్నప్పుడే అది పడని జబ్బు రక్తంలో కనబడుతుంది. మానేస్తే ఉన్నా లేదనే రావచ్చు. మళ్లీ ఆరు వారాలు రోజూ గోధుమ పెట్టి తీసుకురండి."

"మళ్లీ పెట్టాలా? నా చేత్తో నేనే?" అంది భార్య.

అత్తగారు తేలు కుట్టిన దొంగలా కిటికీకేసి చూస్తోంది.

"ఏమైందత్తయ్యా?" అన్నాడు మేస్త్రి.

"ఏం లేదు బాబూ... ఆరు వారాలు ఆగక్కర్లేదేమో."

"అమ్మా!" అంది భార్య.

"అరవకే. నువ్వు మిల్లుకెళ్లగానే పిల్ల ఖాళీ బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఏడుస్తుంది. రోజూ రెండు రస్కులు పాలల్లో నానేసి పెట్టాను."

"రోజూనా?"

"ఆదివారం పెట్టలేదు. నువ్వు ఇంట్లో ఉంటావుగా."

మేస్త్రికి నవ్వొచ్చింది. భార్య ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి రస్కులు తింటూనే తగ్గిందా?" అంది డాక్టరమ్మ. "ఇంకేం మార్చారు?"

భార్య మాన్పించినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది. "పళ్లరసం సీసా మీద చిన్న అక్షరాలు అర్థం కాలేదండీ. ఎందుకైనా మంచిదని అదీ ఆపేశాను. అంతకుముందు రోజంతా తాగేది."

"ఆ రసం వల్లా కావచ్చు, కాకపోనూ వచ్చు. ఈరోజే రక్తం తీయిద్దాం. ఫలితం వచ్చేదాకా గోధుమ ఆపకండి, రసం ఇవ్వకండి. ఆ జబ్బే ఉందని తేలితే జీవితాంతం మానాల్సిందే. అప్పుడు రస్కు పొడి కూడా పనికిరాదు" అంటూ అత్తగారి వైపు చూసింది.

"తేలితే నేనే బయట పారేస్తానమ్మా. ఊహ మీద పిల్లను ఏడిపించలేకపోయాను" అంది ఆవిడ.

సూది గుచ్చితే పిచ్చుక భవనం దద్దరిల్లేలా ఏడ్చింది.

మర్నాడు మేస్త్రి అలవాటు కొద్దీ గుమ్మం బయట చొక్కా గుండీలు విప్పబోయాడు.

"దులపక్కర్లేదు, రండి" అంది భార్య లోపలి నుంచి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తానే రస్కు పాలల్లో ముంచుతోంది. "జబ్బు ఉందనే వస్తే?"

"వస్తే మానేద్దాం. చొక్కా వీధి చివరే విప్పి వస్తాను" అన్నాడు మేస్త్రి, పిండి చేతులతోనే పిల్లను అందుకుంటూ.