ఓబులేసు వేలు పట్టుకున్న పొద్దు

ఆ పొద్దు ఆకాశం తుంపర వేయాలో వద్దో తేల్చుకోలేక మబ్బులను అటూ ఇటూ జరుపుతూ ఉంది. ఓబులేసు మాత్రం తేల్చుకొనే వచ్చాడు. హెర్నియా ఆపరేషన్ చేయించుకొని, సాయంత్రం పాలు పితికే వేళకు ఇల్లు చేరాలి. వాళ్ల గేదె, ఆయన మాటలో ఎనుము, ఆయన చేతికి తప్ప ఎవరికీ పాలివ్వదట.

నేను ఒక వేలి క్లిప్పును. ఏదో కంపెనీలో పుట్టి, పెద్దాసుపత్రిలో పనిచేసి, దవడ కాస్త వదులయ్యాక ఈ చిన్న ఆసుపత్రికి వచ్చాను. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూడడం నా పని. ఎన్నో వేళ్లు కరిచాను. నోరు ఏమైనా చెబుతుంది, వేలికి అంత తెలివి లేదు.

"మాత్రలేమైనా మింగుతున్నావా?" మత్తు డాక్టరు రెహానా అడిగింది.

"నాకెందుకు తల్లీ! రాళ్లు తిని అరాయించుకుంటా."

తలుపు దగ్గర ఆయన భార్య గంగులమ్మ మూతి తిప్పింది.

ముందు నొప్పి మందు, వెనకే పాలలాంటి నిద్రమందు. ఒకదాని బలం ఒకటి పెంచే రకాలవి. అందుకే రెహానా రెండూ తగ్గించే ఇచ్చింది. అయినా ఓబులేసు ఊపిరి తీయడమే మరిచాడు. తొంభై ఆరు, తొంభై, ఎనభై నాలుగు. నేను గోల పెట్టాను. ఆమె ఆయన గడ్డం పైకెత్తి, మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచి నొక్కుతూ ఊపిరి పోసింది.

"నర్సమ్మా, ఏం మింగాడో వాళ్లామెను అడుగు!"

గంగులమ్మ చంకలోని ఆయన చొక్కా జేబులో మాత్రల అట్ట దొరికింది. రెహానా ఇచ్చిన నొప్పి మందు జాతివే అవీ. నా అంకె మళ్లీ పైకెక్కాక, మందులు ఇంకా తగ్గించి ఆపరేషన్ ముగించారు.

మెలకువ రాగానే రెహానా అంది, "రాళ్లతో పాటు ఇవీ అరాయించుకుంటున్నావా?"

"పొద్దున రెండే ఏసుకున్యా తల్లీ. చెప్తే వాయిదా ఏస్తారని... మా ఎనుము..."

"ఈ రోజు పంపను. అవి ఇంకా ఒంట్లోనే ఉంటాయి. నిద్రలో మళ్లీ ఊపిరి మరిస్తే మీ ఎనుము లేపుతుందా?"

గంగులమ్మ ఆ చొక్కా చంకలోనే పెట్టుకొని ఊరికి వెళ్లింది. ఆయన కన్ను గడియారాన్ని వదల్లేదు, నేను ఆయన వేలు వదల్లేదు. పాల వేళకు నాడి పరుగులు తీసింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె క్యారేజీతో వచ్చింది. చీర మీద ఆయన చొక్కా.

"ఇచ్చిందా?"

"నీ చొక్కా తొడుక్కోని కూసుంటే చెంబు నిండా ఇచ్చింది. నువ్వు యాడికి పోయినావని కూడా అడగల్యా."

నాడి ఒక్క గంతు తప్పింది. ప్రాణవాయువు మాత్రం తొంభై ఎనిమిది.

ఆ పాలే కాచి కలిపిన అన్నం. పొద్దుటి నుంచి తినని రెహానాకూ ఒక గిన్నె పెట్టింది గంగులమ్మ. ఓబులేసు కుడిచెయ్యి అన్నానికి కావాలని నన్ను ఎడమ వేలికి మార్చారు. ముగ్గురూ కడుపునిండా తిన్నారు. నేను ఒక్కసారీ కూయలేదు.