దాదా బిందె దించిన చోటు

వాట్‌గంజ్‌లో వలసొచ్చిన తెలుగు రేవు కూలీలుండే సందుకు కొత్త కొళాయి మంజూరైంది. సందు మొదట్లో పెట్టాలా, చివర పెట్టాలా అన్నదే తగువు. మొదట్లో పార్టీ ఆఫీసుంది. చివర అప్పలకొండమ్మ ఇల్లుంది. మెయిన్‌రోడ్డు నుంచి రోజుకు ఆరు బిందెలు మోసి మోసి ఆవిడ మోకాలు అరిగిపోయింది.

ఆదివారం పొద్దున్నే బెంగాలీ కౌన్సిలర్ మృత్యుంజయ దాదా ఆఫీసు ముందు జనాన్ని పోగేశాడు.

"నేను మీ ప్రతినిధిని. మీరేదంటే అదే. ఇక్కడే పెట్టాలనేవాళ్లు చేతులెత్తండి!"

అన్ని చేతులూ లేచాయి.

"చివర పెట్టాలనేవాళ్లు?"

మళ్లీ అన్నీ లేచాయి. పదేళ్లుగా లారీలెక్కి మీటింగులకు వెళ్తున్న సందు అది. నాయకుడి గొంతు పెరిగితే చెయ్యి దానంతటదే లేస్తుంది. అప్పలకొండమ్మ చెయ్యీ రెండుసార్లు లేచింది.

"ఏటే, ఇక్కడ పెట్టమనీ ఎత్తీసినావు!" పక్కనున్న సన్యాసమ్మ నవ్వింది.

"నీ సెయ్యి కిందుందేటి?"

దాదా నుదురు తుడుచుకున్నాడు. "మీరు తేల్చలేనివి తేల్చడానికే కదా నన్నెన్నుకున్నారు. ఇక్కడే పెడదాం. చివరికెంత, నాలుగడుగులు!"

అప్పలకొండమ్మకు ఒళ్లు మండింది. రోడ్డు నుంచి తెస్తూ పక్కన దించుకున్న నిండు బిందె ఆయన ముందు పెట్టింది. "మా బదులు నువ్వే తేల్చీసినావు గదా దాదా. మా బదులు దీన్నీ మొయ్యి. నాలుగడుగులే."

జనం చూస్తున్నారు. "దానికేముంది మాసీ," అంటూ దాదా బిందె చంకనెత్తుకున్నాడు. పది అడుగులు ఊరేగింపులో నడిచినట్టే నడిచాడు. ఆ తర్వాత పంచె తడిసింది, మెడ వంగింది. సగం దారిలో, సన్యాసమ్మ గుమ్మం ముందు బిందె దించి అరుగుమీద కూలబడ్డాడు.

అప్పలకొండమ్మకు జాలేసింది. కొంగుతో విసిరింది.

"ఇంకెంత దూరం మాసీ?"

"నాలుగడుగులు దాదా."

ఆయన తడిసిన పంచె పిండుకున్నాడు. "పోనీ, ఇక్కడ పెడితే?"

చేతులన్నీ లేచాయి. ఈసారి అప్పలకొండమ్మ మాత్రం ఇంటివైపోసారి, రోడ్డువైపోసారి చూసుకుని, ఆలోచించి మరీ ఎత్తింది.

కొళాయి అక్కడే వచ్చింది. ప్రజల్లోకి వెళ్లి, దూరం స్వయంగా కొలిచి చేసిన నిర్ణయమని దాదా మీటింగులో చెప్పుకున్నాడు.

అప్పలకొండమ్మ మిగతా సగం దూరం ఆరు బిందెలూ మోస్తూనే ఉంది. మోకాలు కలుక్కుమన్నప్పుడల్లా సన్యాసమ్మతో అనేది: "ఈసారి కాసింత కండున్నోడికి ఓటేద్దారే."