పరంజా మీది చెక్క

మొదటి యుద్ధం ముగిసి, రెండోది ఇంకా ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో కట్టిన స్టేషన్ అది. బొమ్మలూ లతలూ ఏమీ లేవు. నున్నటి గోడలు, మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకి వంగిన కాంక్రీటు కమానులు, వాటి నడుమ నిలువెత్తు అద్దాల కిటికీలు. ఇక యుద్ధాలే ఉండవని నమ్మినవాళ్లు కట్టినట్టు, ఎటు చూసినా వెలుతురే.

ఆ కమానులకి పూత పెడుతూనే, ఇప్పుడు ఆ స్టేషన్‌లో ఆయాగా ఉన్న ఆయమ్మ భర్త పరంజా మీంచి పడి చనిపోయాడు. అప్పటికి కొడుకు చంకలో పిల్లాడు. 'పనివాడి అజాగ్రత్త' అని రాసి రైల్వేవాళ్లు ఫైలు మూసేశారు. జాలిపడి ఆవిడకి ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్‌లో పని ఇచ్చారు. ఇరవై రెండేళ్లుగా అందరికీ ఆవిడ ఆయమ్మే. కొడుకు పెద్దవాడై అదే స్టేషన్‌లో గుమాస్తాగా చేరాడు. ఒకరోజు ఆ పాత ఫైలు వాడి చేతికి దొరికింది. చదివినప్పటి నుంచి తండ్రి ఊసెత్తడం మానేశాడు.

రెండో యుద్ధంలో బాంబుల అదురుకి కమానులు బీటలు వారాయి. బాగుచెయ్యడానికి అప్పటి పనివాళ్లలో మిగిలిన ఒక్కణ్ణి వెతికి పట్టుకొచ్చారు. పొట్టి మేస్త్రీ. ఆయమ్మ భర్తకి జోడీగా పనిచేసినవాడు. చావుకి కూడా రాని మనిషి. ఇప్పుడు మూడు రోజులు ఆవిడ కంటపడకుండా తప్పించుకు తిరిగి, నాలుగో రోజు మధ్యాహ్నం వెయిటింగ్ రూమ్ గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఇంకాస్త పొట్టివాడివైతే నిన్ను చెత్తతోపాటు బెంచీ కిందకి ఊడ్చెయ్యొచ్చు అన్నయ్యా," అంది ఆయమ్మ.

అతను నవ్వలేదు. "చెల్లెమ్మా, ఆ రోజు పరంజా పై చెక్క ఎక్కే వంతు నాది. చెక్క విరిగేలా ఉందని పొద్దున్నే చూశాను. చెబితే పని ఆపుతారు, నన్ను తిడతారు. కడుపునొప్పని కింద కూర్చున్నాను. వాడు నా బదులు ఎక్కాడు."

"చెక్క సంగతి ఆయనకి చెప్పావా?"

"చెప్పలేదు."

ఆయమ్మ చేతిలోని తడిగుడ్డ బకెట్లో వేసింది.

"ఇన్నేళ్లూ నేను తిట్టుకున్నది ఆయన్నే అన్నయ్యా. పెళ్లాం, పిల్లాడు ఉన్నవాడు చూసుకుని నడవలేకపోయాడా అని. చచ్చిపోయిన మనిషిని పట్టుకుని, ఎన్నెన్ని మాటలన్నానో!"

"నన్ను కొట్టు చెల్లెమ్మా."

"కొడితే ఏమొస్తుంది? నాతో రా."

నేరుగా స్టేషన్ మాస్టర్ గదికి తీసుకెళ్లింది. అక్కడ మేస్త్రీ చెబుతుంటే మాస్టర్ తన చేత్తో రాసుకున్నాడు. కింద మేస్త్రీ వేలిముద్ర వేశాడు.

"దీనివల్ల ఇప్పుడు మారేదేమీ ఉండదమ్మా," అన్నాడు మాస్టర్ మెల్లగా.

"మారక్కర్లేదు బాబూ. ఆ కాగితం పక్కన ఈ కాగితం ఉంటే చాలు."

ఆ రాతని ఫైల్లో పెట్టాల్సినవాడు కొడుకే. సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి తల్లి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పొట్టి మేస్త్రీ నెల్లాళ్లలో పని ముగించి వెళ్లిపోయాడు. ఆ నెల్లాళ్లూ ఆయమ్మ అతనితో మళ్లీ మాట్లాడలేదు. శాపనార్థాలూ పెట్టలేదు. క్షమించానని చెప్పడానికి మాత్రం మనసొప్పలేదు.

ఆ రాత ఫైల్లో పెట్టిన సాయంత్రం మాత్రం, హాల్లో జనం పల్చబడ్డాక, కొడుకు అడిగాడు. "నాన్న ఎలా ఉండేవాడమ్మా?"

ఆవిడ కొడుకు వైపు తిరిగి కూర్చుంది.

"ఈల వెయ్యడం చేతనయ్యేది కాదురా," అంది. "అయినా మానేవాడు కాదు. వీధి చివర్నుంచే ఆ గాలి చప్పుడు వినిపించేది. నువ్వు నా చంకలోంచి దూకబోయేవాడివి."