మామిడితోఁటలో గొడ్డళ్లు

చైత్రమాసావసానమున నల్లమల పాదభూములయందుఁ బ్రాతఃకాలము మిగుల మనోహరముగ నుండెను. రాత్రియెల్లఁ గొండచఱియలపై నిలిచియుండిన శీతలమారుతము ఇప్పపూవుల మత్తైన పరిమళమును మోసికొని మెల్లమెల్లన లోయలోనికి జాఱుచుండ ఫలభారావనతశాఖాశోభితమగు నొక మామిడితోఁట కోకిలారావములతో మేల్కొనుచుండెను. ఆ తోఁటకుఁ గూఁతవేటు దూరమున నవాబుగారి సైనికశిబిరము విడిసియుండెను.

శిబిరమునుండి గొడ్డళ్లు పట్టిన భటులు కొందఱు వెంటరాఁగా బుర్హానుద్దీను అను నాశ్వికదళనాయకుఁడు తోఁటఁ బ్రవేశించెను. కొండపైఁ గోటలోఁ దలుపులు మూసికొని లొంగకున్న పాళెగాఁడు తిమ్మానాయనిది యా తోఁట. తాతల నాఁటినుండి బిడ్డలవలెఁ బెంచుకొనిన వృక్షములు కన్నులయెదుటఁ గూలుచుండఁ జూచినచో నతని గుండె చెదరునని తలఁచి నవాబు తోఁటను నఱికి బావిని బూడ్పుమని కబురంపెను. సేనానియగు నజ్ముద్దీను ఆ కార్యమును దన సోదరుఁడగు బుర్హానుద్దీనునకే యప్పగించెను.

తోఁటకావలి వృద్ధురాలు ఓబులమ్మ సైనికులఁ జూచియుఁ బాఱిపోక కడవతో నొక లేఁతమొక్కకు నీరు పోయుచుండెను. బుర్హానుద్దీను సమీపించి “అవ్వా, ఇచ్చోటు విడిచి పొమ్ము. ఈ తోఁటను నఱుకుటకు వచ్చితిమి” అనెను.

“యాడికి పోయేది నాయనా? నా బతుకంతా ఈ చెట్ల కిందనే గడిచిపాయె. మీరు కొడతామంటే నేను అడ్డం పడేదాన్నా?” అని యామె కడవ దించి చేయి చాఁచి చూపెను. “ఆ మూల చెట్టు మాత్రం కడాకు, అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకోండి. గువ్వ గూడు కట్టుండాది. పిల్లలకింకా రెక్కలు రాలా. తల్లి మేతకు పోయింది. అది వచ్చి చూసుకుంటే యాడని వెతుక్కుంటాది?”

బుర్హానుద్దీను ఆ లేఁతమొక్క వైపుఁ జూచెను. పిమ్మట “ఇప్పుడే కూలిపోవు మొక్కకు నీరేల పోయుచున్నావు?” అని యడిగెను.

“దప్పికయితాది గదా నాయనా. నరికేటోళ్లు వస్తారని దానికేం తెలుసు?”

ఆ మాట బాణమువలెఁ గాక తల్లి చేయివలె నతని హృదయమును దాఁకెను. బాల్యమున నొకనాఁ డతఁడు గూటినుండి పిచ్చుకపిల్లలను దీసి టోపీలోఁ బెట్టుకొని యింటికిఁ దెచ్చెను. తల్లి కోపింపక యొడిలోఁ గూర్చుండఁబెట్టుకొని పూర్వమొకప్పుడు ప్రవక్తవారి సహచరులు పక్షిపిల్లలను దీయఁగాఁ దల్లిపక్షి రెక్కలల్లార్చుచు విలపించుటఁ గని యాయన దాని బిడ్డలను దానికి మరల నిప్పించిన వృత్తాంతముఁ జెప్పి తానే యతని చేయి పట్టుకొని పోయి యా పిల్లలను గూటఁ జేర్పించెను. మనుజుఁడు నాటిన చెట్టునుండి పక్షి తినినను పశువు తినినను అది యతఁడొసఁగిన దానమే యగునని యామె పలుమాఱు చెప్పుచుండెడిది.

బుర్హానుద్దీను గొడ్డళ్లు దింపుఁడని భటులకుఁ జెప్పి యొంటిగా మరలెను. యుద్ధభూమి నాజ్ఞాభంగమునకు శిరశ్ఛేదమే శిక్షయని యెఱిఁగియు నతఁడు గుఱ్ఱమును మెల్లగనే నడిపించెను.

గుడారమున నగ్రజుని పాదములచెంతఁ గత్తి నుంచి “అన్నా, ఇది నా వలనఁ గాదు” అనెను.

నజ్ముద్దీను కనుబొమలు ముడిపడెను. “పిఱికివాఁడవైతివా?”

“ఆ కోటగోడ నెక్కుమనుము, ఈ క్షణమే యెక్కెదను. ఫలించు చెట్టును నఱకవలదని తొలి ఖలీఫావారు తమ సేనకుఁ జెప్పి పంపిన మాటను మనకుఁ జెప్పినదెవరు? అమ్మయే గదా! ఆమె యెదుట నే మొగముతో నిలుతును?”

నజ్ముద్దీను గుడారపుఁ దెర తొలఁగించి తోఁట వైపుఁ జూచుచుఁ జాలసేపు నిలిచెను. పిమ్మట వెనుదిరిగెను.

“అమ్మ నన్నును అడుగును తమ్ముఁడా” అని యతఁడు కత్తి నెత్తి స్వహస్తములతోఁ దమ్ముని నడుమునఁ గట్టెను. “ఆజ్ఞ మీఱినవాఁడవు నీవు కావు. నవాబుగారికి నేనే యుత్తరవాదిని.”

కోట బురుజుపైనుండి యంతయుఁ గాంచుచుండిన తిమ్మానాయఁడు చేతికిఁ జిక్కిన తోఁటను విడిచిన శత్రువుతో మాటాడవచ్చునని తలఁచి మఱునాఁడు తానే కొండ దిగి వచ్చెను. సంధి కుదిరెను. రక్తము చిందకయే సేనలు మరలెను. అయినను నవాబు ఆజ్ఞాభంగమును సహింపఁడయ్యె. నజ్ముద్దీనునకు సేనాపత్యమును జాగీరును పోయెను. బుర్హానుద్దీను గుఱ్ఱము పోయెను.

అన్నదమ్ములిరువురును గాలినడకన స్వగ్రామమునకు బయలుదేఱి మధ్యాహ్నపు నమాజు వేళకుఁ గుందేఱను నది యొడ్డుఁ జేరిరి. నజ్ముద్దీను కాలిన పాదములను నీట నుంచి దోసిళ్లకొలఁది జలమును మొగముపైఁ జల్లుకొనుచుండఁ దమ్ముఁడు చిన్న పుడిసిటితోనే నమాజునకు ముందు చేయు శుద్ధియగు వుజూ ముగించెను. అది చూచి యన్న నవ్వెను.

“జాగీరు పోయినది నాకు, లోభము పుట్టినది నీకా? ఏఱు పాఱుచుండ నింత పొదుపేల?”

“పాఱెడు నది యొడ్డున నున్నను వుజూ నీటిని వృథా సేయరాదని ప్రవక్తవారి మాట గదా అన్నా.”

నజ్ముద్దీను నవ్వు మెల్లన మెత్తనై నిలిచిపోయెను. అతఁడు దోసిట నధికముగ నున్న నీటిని వ్రేళ్ల సందులనుండి యేటిలోనికే జాఱవిడిచెను. ఆ జలము దిగువ నెచ్చటనో దప్పిగొనియున్న లేడికొఱకో పేరెఱుఁగని యొక రైతు పైరుకొఱకో యెండలోఁ దళతళలాడుచు సాఁగిపోయెను.