పక్షి ముట్టే దూరం

పొడుగు దుర్భిణీ గొట్టంలో అన్నీ పెద్దవిగానే కనిపిస్తాయి, కాని కన్ను వెంట్రుకవాసి జరిగితే చాలు, నల్లగా మూసుకుపోతుంది. పొట్టిదానిలో వస్తువు చిన్నదే, అయినా వెలుతురుంది, చుట్టుపక్కలంతా తెలుస్తుంది. ఏది ఉంచుకోవాలి? మిల్లు కళ్లంలో గోనె మీద బోర్లా పడుకుని, గోడ మీది సుద్దచుక్కను చూస్తూ జగన్నాధం అదే ఆలోచిస్తున్నాడు. ఈ రోజు భార్య దేముడమ్మ పోయిన పదోరోజు. తలుచుకోవలసింది ఆమెను. మనసు మాత్రం గొట్టాల్లోంచి బయటికి రావడం లేదు.

ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే ఆ కళ్లంలో కాకుల్ని కొట్టడమే అతని పని. గాలితుపాకీ యజమానిది, కన్ను అతనిది. ఆ కంటికి పొర కమ్మి గురి తప్పుతుంటే, యజమాని నగరేశ్వరరావు కలకత్తా నుంచి తుపాకీకి బిగించే రెండు దుర్భిణీ గొట్టాలు తెప్పించాడు. రెండూ చవకవే.

"ఒకటుంచుకో, రెండోది తిప్పి పంపించీయాల," అన్నాడు. "దీంతో కూడా తగల్లేదంటే మరి నేనేటి సెయ్యలేను, జగన్నాధం."

పొడుగుదాన్ని బిగించి కాల్చినకొద్దీ తుపాకీ స్ప్రింగు అదురుకు లోపలి అడ్డగీత ఒరిగిపోయింది. పొట్టిది ఓర్చుకుంది. ఎంపిక అంత సులువుగా తేలిపోయినందుకు జగన్నాధానికి సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది.

తుపాకీతోనే ఊరి వాగు, గెడ్డ ఒడ్డుకు వెళ్లాడు. అరిటాకులో పిండం ముద్ద పెట్టి, నీళ్లు వదిలి, అందరూ వెనక్కి జరిగారు. అవతలి తాటిచెట్టు మీది కాకులు దిగలేదు.

"పక్షి ముట్టకపోతే నా కూతురు పేణం ఈడే తిరుగుతాది," అంది అత్త లక్ష్మణమ్మ. "ఏటి కోరిక మిగిలిపోనాదో."

"కోరికేటి కాదే అమ్మా," అన్నాడు బావమరిది గంగరాజు. "ఊళ్లో కాకులన్నిటికీ ఈ మొగం తెల్సు. నువ్వెల్లు బావా. నువ్వుంటే యముడు తోలినా దిగవు."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

దేముడమ్మ రోజూ పెరట్లో మొదటి ముద్ద కాకులకే పెట్టేది. అతను గుమ్మంలోకి రాగానే అవి లేచిపోయేవి. "నన్ను సూసి వస్తాయి, నిన్ను సూసి పోతాయి," అనేది నవ్వుతూ. ఆ నవ్వులో కోపముందేమోనని అతను ఒక్కనాడూ అడగలేదు.

దూరంగా గట్టెక్కాడు. అక్కడినుంచి వట్టి కంటికి అంతా మసక. బోర్లా పడుకుని పొట్టి గొట్టానికి కన్నానించాడు. గీతలు కలిసేచోట తెల్లగా, స్పష్టంగా ముద్ద.

కాకి ఒకటి దిగింది. పక్కకు గెంతుతూ ఆకు అంచుదాకా వచ్చింది. తిను, తల్లీ, తిను. అతని ఊపిరి దానంతటదే ఆగింది. గీత కాకి రొమ్ము మీదికి జరిగింది. వేలు మీట మీదికి ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. కాకి ఇటు చూసి, చివాలున లేచిపోయింది.

తన వేలిని చాలాసేపు చూసుకున్నాడు. కళ్లు పోయినా అది మరచిపోదు. ఇక్కడ ఉన్నంతసేపూ అవి రావు. వెళ్లిపోతే, ముట్టాయో లేదో ఈ కంటితో చూసే యోగం లేదు.

తుపాకీని గడ్డిలో అలాగే వదిలేసి లేచాడు. గెడ్డకు వీపు తిప్పి గట్టు దిగి నడిచాడు. మిల్లు దారి పట్టలేదు. కొంతదూరం పోయాక తల మీదుగా రెక్కల చప్పుడు గెడ్డవైపు సాగింది. అతను తిరిగి చూడలేదు.

గట్టు మీద పొట్టి గొట్టం, ఆనించే కన్ను లేక, ఆ తెల్లటి ముద్దవైపే తెరుచుకుని ఉంది.